అటక మీది పట్టుకాయలు

జగదల్‌పూర్,
జూన్ 9, 2024.

ప్రశాంతీ,

ఉత్తరం మూటలో పైన పెట్టాను, కాయలు కింద ఉన్నాయి. ముందు ఇది చదువు, తర్వాత వాటిని పట్టుకుని నీ లాబ్‌కి పరిగెత్తు. ఫోన్ ఉండగా ఈ ఉత్తరాలేమిటని మీ అన్నయ్య నన్ను రోజూ వెక్కిరిస్తున్నారు. నేను కొట్లో ఫోన్ తీశానంటే అక్కడున్న నలుగురూ చెవులు ఇటే పెడతారు, మధ్యలో అత్తయ్య అందుకుంటారు, చివరికి నాకు మిగిలేది 'సరే, ఉంటాను' అన్న మాట ఒక్కటే. మూటలో పెట్టిన కాగితాన్ని ఎవరూ లాక్కోరు.

నీ పేపర్ అచ్చయిందట కదా. మీ అన్నయ్య ప్రింట్ తీయించి తెచ్చారు. అత్తయ్య దాన్ని గల్లా పక్కన పెట్టుకుని కొట్టుకొచ్చిన ప్రతివాళ్లకీ చూపిస్తున్నారు. దర్భా సంత నుంచి మనకి కోసా పట్టుకాయలు తెచ్చే సోమ్లీకి కూడా చూపించారు. అందులోని పచ్చటి బొమ్మ చూసి సోమ్లీ, ఇది గుంటలో నాచా అని హల్బీలో అడిగింది. కాదు, నువ్వు తెచ్చిన కాయల మీద బతుకుతున్న మనిషి కణాలు అని చెప్పాను. ఎముక గుజ్జులోంచి తీసిన మూలకణాలనీ, అవి ఈ పట్టుని పట్టుకుని పెరిగితే ఎప్పటికైనా అరిగిన మోకాలికి కొత్త మృదులాస్థి వేయొచ్చనీ చెప్పాను. ఆమె తన మోకాలు తడుముకుని, ఎప్పటికైనా అంటే ఎప్పటికి అని అడిగింది. ఆ సంగతి మా ఆడపడుచుని అడగాలన్నాను.

అత్తయ్య మొదటి పేజీ చూపిస్తారు. నేను చివరి పేజీ దాకా చదివాను. నీతో పాటు ఎమ్మెస్సీ చదివినదాన్నే, మర్చిపోయావేమో. చివర్లో అందరికీ కృతజ్ఞతలున్నాయి. నిధులిచ్చినవాళ్లకి, మైక్రోస్కోపు చూసుకునే అతనికి, అందరికంటే కింద 'పట్టుకాయలు అందించిన జగదల్‌పూర్ సరఫరాదారుకు'. నాలుగైదు సార్లు చదువుకున్నాను. ఈ రైలీ రకం కోసా పట్టుని కణాలకి పరుపుగా వాడి చూద్దామని ముందు అన్నదెవరో నీకు గుర్తుండే ఉంటుంది. యూనివర్సిటీ మెట్ల మీద సమోసా తింటూ, పిచ్చిదానా, దీంతో చీరలు నేస్తారు అని నవ్వింది నువ్వే.

కుళ్లు అనుకుంటావేమో. కుళ్లే. దాచుకోవడం నాకు చేతకాదు. ఐదేళ్ల కిందట హైదరాబాద్‌లో పీహెచ్‌డీ ఇంటర్వ్యూకి బయల్దేరితే కోంట దగ్గర శబరి పొంగి రోడ్డు మునిగింది. బస్సులోంచి నీకు ఫోన్ చేశాను, నాకోసం ఇంకో రోజు అడగమని. నువ్వు అడిగావు, వాళ్లు వినలేదు. దానికి నువ్వేం చేస్తావు. కాని కాయలు ఏరుతూ కూర్చున్నప్పుడు ఆ ఏటి మీద కోపం ఎవరి మీద చూపించాలో తెలియక నీ మీద పెట్టుకుంటూ ఉంటాను.

వానలు పడ్డాయి కనక తాజా కాయ ఇక సంతకి రాదు. అటక మీద నిలవ ఉన్నవాటిలోంచి గట్టివి, పెద్దవి ఏరి పెట్టాను. పాప బాగుంది. నీ ఫోటో చూపిస్తే 'సైన్స్ అత్త' అంటోంది, నేను నేర్పలేదు.

నీ సరఫరాదారు,
అనుపమ


హైదరాబాద్,
ఆగస్టు 3, 2024.

వదినా,

కోపం తగ్గిందా? పేరు వేద్దామనే అనుకున్నాను, అక్కడ చోటు తక్కువైంది. వచ్చే పేపర్లో తప్పకుండా వేస్తాను. వచ్చే పేపర్ అంటూ ఉంటే.

ఎవరితోనూ చెప్పుకోలేక నీకు రాస్తున్నాను. కణాలు చచ్చిపోతున్నాయి. నీకు తెలుసు కదా, కాయని సోడా నీళ్లలో ఉడికించి బంక తీసి, పట్టుని కరిగించి, గడ్డకట్టించి ఆరబెడితే స్పాంజిలా అవుతుంది. దాని మీద మూలకణాలు వేస్తాం. మామూలు మల్బరీ పట్టు మీద అవి జారిపోతూ ఉంటాయి. మన అడవి పట్టులో పట్టుకోడానికి పుట్టుకతోనే కొక్కేల్లాంటివి ఉంటాయి, అందుకే కదా ఇంత కష్టపడింది. చలికాలంలో నువ్వు పంపిన రెండు మూటలతో అంతా పచ్చగా వచ్చింది. బతికినవి పచ్చగా, చచ్చినవి ఎర్రగా కనిపించే రంగు వేసి చూస్తాం. జూన్ మూటతో ఆరుసార్లు చేశాను. ఆరుసార్లూ మూడో రోజుకి మొత్తం ఎరుపే.

నీళ్లు మార్చాను, సీసాలు మార్చాను, కణాలు వేరే లాబ్ నుంచి అప్పు తెచ్చాను. మా గైడు వెంకటనారాయణ గారు నిన్న తన గదిలోకి పిలిచి, మొదటి పేపర్లో వేసిన బొమ్మలు నిజంగా వచ్చినవేనా అని అడిగారు. మెల్లగానే అడిగారు.  మార్చి లోపల మళ్లీ చేసి చూపించలేకపోతే ఆ పేపర్ని ఆయనే వెనక్కి తీసుకుంటారట. అదే జరిగితే నా పీహెచ్‌డీ పోవడం మాట అటుంచు, దొంగ లెక్కలు రాసిందన్న పేరు జీవితాంతం ఉంటుంది.

ఒక్కటి చెప్పు. కాయల విషయంలో మీ దగ్గర ఏమైనా మారిందా? ఎంత చిన్నదైనా సరే. ఇంకో మూట కూడా పంపు.

ప్రశాంతి


జగదల్‌పూర్,
ఆగస్టు 14, 2024.

ప్రశాంతీ,

మూట పంపుతున్నాను. చోటు తక్కువైందన్నావు. నా పేరు నాలుగు అక్షరాలు, 'సరఫరాదారు' ఆరు. సరే, పోనీ.

నువ్వు అడిగినదానికి జవాబు: మా దగ్గర ఏమీ మారలేదు. అదే అడవి, అవే సరగి చెట్లు, అదే సోమ్లీ. ఆమె ఇప్పటికీ ప్రతి కాయనీ చెవి దగ్గర ఊపి, లోపల పురుగు తగులుతున్న చప్పుడు విని గాని బుట్టలో వెయ్యదు. లోపం నీ నీళ్లలోనో, సోడాలోనో, నీ చేతిలోనో ఉంటుంది. ఎమ్మెస్సీలో కూడా నీ పళ్లేలకి బూజు పట్టేది, నావి శుభ్రంగా ఉండేవి. గుర్తుందా?

ఇక్కడ వాన వదలడం లేదు. మీ అన్నయ్య చింతపండు గోనె బోరాలు గోదాం ఆ మూల నుంచి ఈ మూలకి మార్పిస్తున్నారు. పాపకి జలుబు చేసింది, తగ్గింది. అత్తయ్యకి మోకాళ్లు నొప్పులే. వేళకి తిను. జుట్టు ఊడుతోందని అత్తయ్యతో అన్నావట, మందార నూనె కాచి మూటలో పెట్టాను. ఒలకకుండా గట్టిగా మూత బిగించాను.

అనుపమ


హైదరాబాద్,
అక్టోబరు 20, 2024.

వదినా,

దసరాకి రథం చూడ్డానికి కూడా రాలేదని అమ్మ అలిగింది. రావడానికి మొహం లేదు. రెండో మూట కూడా ఎరుపే.

వెంకటనారాయణ గారు ఇప్పుడు మల్బరీ పట్టు తెప్పించి, దాని మీద కొక్కేలు పైనుంచి అతికించే పని శ్రీకాంత్‌కి అప్పజెప్పారు. శ్రీకాంత్ నాకంటే రెండేళ్లు వెనక చేరినవాడు. అతని కణాలు నా బల్ల మీదే, నా చేతి కిందే, నా నీళ్లతోనే పచ్చగా బతుకుతున్నాయి. అంటే నా నీళ్లు మంచివే, నా చెయ్యి మంచిదే. అడవి సరుకు కదా, నిలకడ ఉండదు అని గైడుగారు మీటింగులో అన్నారు. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

నువ్వు రాసింది నిజమే, నీ పళ్లేలు శుభ్రంగా ఉండేవి. నీ మాటలు ఇప్పుడు నాకు తెగ గుర్తొస్తున్నాయి. నీకు చెప్పని ఒక మాట చెప్పనా? నాకు నిన్ను చూస్తే ఎప్పుడూ ఉక్రోషమే. క్లాసులో నువ్వు ముందు, నేను వెనక. పెళ్లయి మా ఇంటికొచ్చాక అమ్మ కూడా నీదే అయింది. పండక్కి వస్తే, 'అనుపమ చేస్తే ఉప్పు సరిపోతుంది' అని నా చేతిలో గరిటె తీసుకుంటుంది. నాకంటూ మిగిలింది ఈ లాబ్ ఒక్కటే అనుకున్నాను.

ప్రశాంతి


జగదల్‌పూర్,
నవంబరు 8, 2024.

ప్రశాంతీ,

నీ ఉత్తరం కొట్లో కాకుండా పెరట్లో కూర్చుని చదివాను. అత్తయ్య నీ చేతిలో గరిటె తీసుకున్నది నిజమే, కాని ఆ రోజు నువ్వు పప్పులో రెండుసార్లు ఉప్పు వేశావు.

ఉసిరికాయ పచ్చడి పంపుతున్నాను. రెండు సీసాలు. ఒకటి నీకు, ఇంకోటి మీ గైడుగారికి ఇవ్వు. మనసు మెత్తబడినా పడొచ్చు. చలికి రగ్గు కూడా పెట్టాను. ఈ పార్సెల్‌లో కాయలు లేవు.

నీతో ఒకటి చెప్పాలని మొన్నటి నుంచీ కాగితం తీస్తున్నాను. మళ్లీ మడిచి పెట్టేస్తున్నాను. ఏం లేదులే. నిద్ర పోతున్నావా? కొన్నాళ్లు ఆ పని పక్కన పెట్టి ఊరికి రాకూడదూ, నీక్కాస్త మార్పుగా ఉంటుంది.

అనుపమ


హైదరాబాద్,
డిసెంబరు 2, 2024.

వదినా,

నువ్వు రమ్మన్నావు, వచ్చేస్తున్నాను. కొన్నాళ్లకి కాదు, పూర్తిగా. సంక్రాంతి లోపల ఇక్కడ గది ఖాళీ చేసేస్తాను. గైడుగారు పేపర్ వెనక్కి తీసుకోక ముందే నేనే మానేస్తే అంత గొడవ ఉండదని అందరూ అంటున్నారు.

అన్నయ్యతో మాట్లాడాను. ఎగిరి గంతేశాడు. కోసా పని నాకు అప్పజెపుతానన్నాడు. పీహెచ్‌డీ దాకా చదివినది కొట్లో కూర్చుంటే రాయ్‌పూర్, బిలాస్‌పూర్ వ్యాపారులు మాట వింటారట. నువ్వు పాపని చూసుకోవచ్చు, వంట చూసుకోవచ్చు, నీకూ విశ్రాంతి అన్నాడు. అమ్మయితే ఏడ్చింది, సంతోషంతోనే. వచ్చాక దర్భా సంతకి నేనే వెళ్తాను, సోమ్లీ దగ్గర ఆ కాయ ఊపడం నేర్చుకుంటాను. నీ కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేయించు.

మనిద్దరం మళ్లీ ఒకచోట ఉంటాం. ఈ సంగతి ఒక్కటే బాగుంది.

ప్రశాంతి


జగదల్‌పూర్,
డిసెంబరు 6, 2024.

ప్రశాంతీ,

ఆ కుర్చీ నాది. పక్కన ఇంకోటి పట్టదు.

ఇది జాలితో రాస్తున్నానని అనుకోకు. జాలి ఆగస్టులో రావాలి, అక్టోబరులో రావాలి. అప్పుడు రాలేదు, పచ్చడీ నూనే వచ్చాయి. నువ్వు నా కొట్లోకి వస్తానన్నావే, మీ అన్నయ్య ఒక్క మాట నన్ను అడక్కుండా సరేనన్నారే, అది చదివాక నా ఒళ్లు మండిపోయింది. నాలుగేళ్లుగా దర్భా సంతకి వెళ్లి హల్బీ నేర్చుకున్నదాన్ని నేను. కాయ చూడగానే ఏ వైపు అడవిదో చెప్పేదాన్ని నేను. లాబ్ నీకిచ్చాను, ఇది ఇవ్వను. నువ్వు అక్కడే ఉండాలి. అందుకని నిజం చెబుతున్నాను.

చలికాలంలో పంపిన రెండు మూటలూ సంత నుంచి నేరుగా తెచ్చి, మేడ మీద ఎండలో ఆరబెట్టినవి. జూన్‌లో పంపినవి అటక మీదివి. వానలకి ముందు సరుకు అటక ఎక్కించేటప్పుడు, లోపల చచ్చిన పురుగుని తినడానికి పెంకు పురుగులు పట్టకుండా బోరాల్లో మందు పొడి చల్లుతాం. ప్రతి ఏడూ చల్లేదే. చీరలు నేసేవాళ్లకి దానితో ఏ ఇబ్బందీ లేదు కనక ఎవరూ దాని గురించి మాట్లాడరు. జూన్‌లో పంపినప్పుడు నాకు నిజంగా తట్టలేదు. దేవుడి మీద ఒట్టు, అది మాత్రం తెలియక చేసిన పొరపాటు.

ఆగస్టులో నీ ఉత్తరం వచ్చింది. 'ఏమైనా మారిందా' అన్న మాట చదవగానే నా తల దానంతట అదే అటక వైపు తిరిగింది. పురుగుని చంపే మందు పట్టులోకి ఇంకితే, నువ్వెంత ఉడికించినా కాస్త మిగిలితే, దాని మీద వేసిన కణం ఏమవుతుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.  తర్వాత కూర్చుని 'ఏమీ మారలేదు' అని రాశాను. రాసి, అటకెక్కి, అదే బోరాలోంచి రెండో మూట కట్టాను. నీ చేతిలో లోపం ఉందని కూడా రాశాను, గుర్తుందా. ఆ ముక్క రాసేటప్పుడు చాలా హాయిగా అనిపించింది. అది కూడా చెప్పేస్తున్నాను.

తర్వాత హాయి లేదు. ఉసిరికాయ పచ్చడి పెట్టేటప్పుడు కూడా లేదు.

చలికాలం మూటల్లో కాయలు నాలుగైనా మిగిలి ఉంటే వాటినీ, అటక కాయల్నీ పక్కపక్కన పెట్టి చేసి చూపించు. ఈ ఉత్తరం మీ గైడుగారికి చూపించినా నాకు అభ్యంతరం లేదు. మీ అన్నయ్యకి, అత్తయ్యకి నేనే చెప్పాను. అత్తయ్య రెండు రోజుల నుంచి నాతో మాట్లాడటం లేదు. నీ అమ్మ నీకు తిరిగి వచ్చేసినట్టే.

అనుపమ


హైదరాబాద్,
డిసెంబరు 13, 2024.

అనుపమా,

ఉత్తరం అందింది. వదిన అని రాయబుద్ధి కావడం లేదు.

నాలుగు నెలలు. రోజుకి పద్నాలుగు గంటలు. నా చేతుల్ని నేనే అనుమానించుకున్నాను, బ్రష్షుతో తోముకుని తోముకుని చర్మం ఊడింది. నువ్వు జుట్టుకి నూనె పంపావు.

ఇక రాయకు.

ప్రశాంతి


హైదరాబాద్,
జనవరి 29, 2025.

వదినా,

రాయొద్దన్నది నేనే, రాస్తున్నదీ నేనే.

బీరువా వెనక సంచిలో చలికాలం కాయలు ఓ గుప్పెడు దొరికాయి. పక్కపక్కన పెట్టాను. నీ అటక కాయలు ఎరుపు. అవి పచ్చ. శ్రీకాంత్‌ చేత కూడా విడిగా చేయించాను, అతనికీ అంతే. మందు ఆనవాలు ఉందని వేరే లాబ్ వాళ్లు కాగితం ఇచ్చారు. వెంకటనారాయణ గారు చాలాసేపు ఆ బొమ్మలు చూసి, కాయ ఎక్కడ ఎలా నిలవ చేశారన్నది అడగాలని ఇన్నేళ్లలో మనకెవరికీ తోచలేదు చూశావా అన్నారు. పేపర్ ఉంటుంది. నేనూ ఉంటాను. ఇంకో మూడుసార్లు చేసి చూపించాలి, దానికి తాజా కాయ కావాలి.

నీకు ఈ సంగతి ఫోన్‌లో చెప్పేసి, కాయలు అడిగి, పెద్ద మనసుతో క్షమించేశానని అనిపించుకోవచ్చు. అన్నయ్య అలాగే చెయ్యమన్నాడు. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను కూడా. చెయ్యలేకపోయాను. ఎందుకో చెబుతాను.

ఐదేళ్ల కిందట నువ్వు కోంట నుంచి ఫోన్ చేసినప్పుడు నేను ఇంటర్వ్యూ గది బయట బల్ల మీద కూర్చుని ఉన్నాను. రోడ్డు మునిగింది, ఇంకో రోజు ఇమ్మని అడుగు అన్నావు. సరేనన్నాను. పది నిమిషాల్లో ఆఫీసు గుమాస్తా జాబితా పట్టుకుని వచ్చి, జగదల్‌పూర్ నుంచి ఇంకో అమ్మాయి రావాలి, ఆవిడ సంగతి మీకేమైనా తెలుసా అని అడిగాడు. వానల వల్ల ఆగిపోయినవాళ్లకి ఎల్లుండి పిలుపు ఇస్తున్నామని కూడా అన్నాడు.

తెలియదన్నాను.

సీటు ఒక్కటే ఉంది. నువ్వు వస్తే నాకు రాదు. అది నాకు మెట్ల మీద సమోసా తినేటప్పటి నుంచీ తెలుసు. అడిగాను, వాళ్లు వినలేదు అని నీకు చెప్పింది అబద్ధం. నేను ఎవరినీ ఏమీ అడగలేదు. పేపర్లో నీ పేరు వేయనిదీ చోటు లేక కాదు. నీ పేరు అక్కడ చూస్తే, ఈ పని నీది అని అందరికీ తెలిసిపోతుందేమోనని భయం వేసింది.

నువ్వు నాలుగు నెలలకే చెప్పావు. నాకు ఐదేళ్లు పట్టింది. నువ్వు కాయలు పంపకపోయినా నేనేమీ అనను.

ప్రశాంతి


జగదల్‌పూర్,
ఫిబ్రవరి 17, 2025.

ప్రశాంతీ,

నీ ఉత్తరం వచ్చి పదిహేను రోజులైంది. మొదటి వారం నేను కొట్టు తెరవలేదు. జ్వరమని చెప్పాను. ఐదేళ్లుగా ఏటిని తిట్టుకున్నాను. బస్సు కోంట దాటినప్పుడల్లా కిటికీ వేసేసుకునేదాన్ని, ఆ నీళ్లు చూడలేక. పాపం, దానికి ఏమీ తెలియదు.

క్షమించానని రాయను. నువ్వూ రాయొద్దు. నీ మీద కుళ్లు పోయిందా అంటే అదీ లేదు, ఇంకా పెరిగింది, ఇప్పుడు దానికి కారణం కూడా దొరికింది. నిన్న మేడ మీద కాయలు తిరగేస్తుంటే ఇవన్నీ ఏట్లో పారబోస్తే ఎలా ఉంటుందా అని కూడా అనుకున్నాను. బుట్ట చంకన పెట్టుకుని మెట్ల దాకా వెళ్లాను. అక్కడ అత్తయ్య కూర్చుని ఉన్నారు. మోకాళ్లు పట్టుకుని, రెండు నెలల తర్వాత మొదటిసారి నాతో మాట్లాడారు. 'దానిక్కూడా నీలాగే బుద్ధి గడ్డి తిన్నదంట గదా. మీ ఇద్దరికీ ఇదేం పోయేకాలమే?' అన్నారు. నువ్వు ఆవిడకి చెప్పుకున్నావన్నమాట. నాకు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. బుట్ట మళ్లీ ఎండలో పెట్టాను.

కాయలు తయారుగా ఉన్నాయి. దర్భా సంతలో సోమ్లీ పక్కన కూర్చుని ఒక్కొక్కటీ చెవి దగ్గర ఊపి తీసుకున్నాను. ఎండలోనే ఆరాయి, అటక నీడ కూడా తగల్లేదు. ఉతికిన బట్టలో కట్టాను.

వీటిని పార్సెల్‌లో వెయ్యడం లేదు. మధ్యలో ఏ బోరా పక్కన పడేస్తారో తెలియదు, నిన్నూ నన్నూ నమ్మినట్టు ఇంకెవరినీ నమ్మే ఓపిక లేదు. పాపని అత్తయ్య చూసుకుంటారు, కొట్టు మీ అన్నయ్య చూసుకుంటారు. శుక్రవారం బస్సుకి నేనే బయల్దేరుతున్నాను. శబరి అడుగంటి ఇసుక తేలిందట, వాకబు చేశాను. కణాలు పచ్చగా ఎలా ఉంటాయో నేను కాగితం మీద తప్ప చూడలేదు. మైక్రోస్కోపు దగ్గర నన్ను కూర్చోబెట్టి, నువ్వు పక్కన నిలబడు. ముందు నేను చూస్తాను, తర్వాత నువ్వు. కొత్త పేపర్లో నా పేరు ఎక్కడ వెయ్యాలన్నది మీ గైడుగారి ముందే తేల్చుకుందాం.

శనివారం పొద్దున మీ ఆఫీసు గేటు దగ్గర ఉంటాను. జగదల్‌పూర్ నుంచి ఎవరో వచ్చారు, ఆవిడ మీకు తెలుసా అని అడుగుతారు. ఈసారి తెలుసని చెప్పు.

అనుపమ